గూడబాతు పిల్లకు చూపుకానుక

తుష్షికోల్ సరస్సులో, నీటి మీద తేలే కిక్కిస దిబ్బ మీద గూడబాతుల గుడ్లు చిట్లి పిల్లలు బయటపడ్డాయన్న సంగతి ఊళ్లో కంషత్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు. మోటారు చప్పుడు వినబడితే చాలు, ఆ పక్షులు మెడలు నిటారుగా ఎత్తుతాయి. పడవ ఇంకాస్త దగ్గరికి వస్తే గుంపుకు గుంపు లేచిపోతుంది. పుట్టినప్పటినుంచీ ఆ నీళ్ల మీదే బతుకుతున్న జాలర్లు కూడా వాటిని దూరాన తెల్లటి మచ్చలుగా చూసినవాళ్లే.

కంషత్ పడవలో వెళ్లేది కాదు. ట్రాక్టరు చక్రంలోని రబ్బరు గొట్టానికి గాలి కొట్టించి, దాని మీద చెక్కలు బిగించి, పాత వల కప్పి, ఆ వల కన్నాల్లో ఎండు కిక్కిస గుచ్చి ఒక తేలే పొద తయారు చేసుకుంది. తండ్రి తొడుక్కునే రబ్బరు లాగు వేసుకుని, చంకల దాకా నీళ్లలో నిలబడి, పొద మధ్యలో తల దాచుకుని, కెమెరాను చెక్క మీద పెట్టుకుని నడిచేది. గాలి వీచినప్పుడే అడుగు వేయాలి. గాలికి చుట్టూ ఉన్న కిక్కిస అంతా ఊగుతుంది కాబట్టి, ఆ ఊపులో ఒక పొద కాస్త ముందుకు జరిగినా పక్షులు పట్టించుకోవు. గాలి ఆగితే తనూ ఆగిపోవాలి. ఈ ఒక్క కిటుకు పట్టుబడడానికి ఆమెకు రెండు వసంతాలు పట్టింది.

ఆ ఉదయం ఆమె కెమెరాలో పడింది ఒక పిల్ల. ఒంటి మీద ఒక్క ఈక లేదు. ముదురు గులాబీ రంగు చర్మం, తెరుచుకోని కళ్లు, ఒళ్లంతా పొట్టే. తల్లి కాళ్ల మధ్యనుంచి తల బయటపెట్టి, ఆ తల బరువు మోయలేక మళ్లీ వాల్చేసింది. కంషత్ మూడుసార్లు మీట నొక్కి, ఇక చాలనుకుని, గాలితో పాటే వెనక్కి వచ్చేసింది.

రేవులో కొడవళ్లు నూరుతున్న చప్పుడు వినబడింది. అది చేపలు గుడ్లు పెట్టే కాలం గనక వేట నిషేధంలో ఉంది. పని లేని జాలర్లంతా ఒడ్డున పోగయ్యారు. పొడవాటి పిడుల కొడవళ్లు, మోకులు, కొక్కేలు వరసగా ఇసుకలో పరిచి ఉన్నాయి.

"ఏమ్మా ఫోటోల పిల్లా, ఇవాళ ఎన్ని బాతులకు పెళ్లి చేశావ్?" అని ఒరాజలీ పలకరించాడు. ఎవరినైనా ఏడిపించకపోతే ఆయనకు పూట గడవదు.

కంషత్ కొడవళ్ల వంకే చూస్తూ, "ఎందుకివి?" అంది.

"రేపు కాలవ తెరుస్తున్నాం," అన్నాడు సగిందిక్. జాలర్ల జట్టుకు పెద్ద ఆయన. పెద్ద ఒళ్లు, అంతకంటే పెద్ద గొంతు. వరసకు కంషత్ తండ్రికి అన్న. ఊళ్లో చిన్నవాళ్లంతా ఆయన్ను ఆగా అని పిలుస్తారు. "చలికాలంలో మంచుగడ్డ ఆ దిబ్బను తోసుకొచ్చి సరిగ్గా కాలవ నోట్లో బిగించింది. కోసినంత కోసి, మిగిలింది పడవలకు కట్టి లాగేస్తాం. వేట మొదలయ్యేసరికి దారి తిన్నగా ఉండాలి."

కంషత్ కెమెరాను మెడకు తగిలించుకుని ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆగా, దిబ్బ మీద గూడబాతులు పిల్లల్ని చేశాయి. ఇవాళే చూశాను. కళ్లు కూడా తెరవలేదు. మీ మోటార్లకు తల్లులు లేచిపోతే గద్ద ఒక్కటి చాలు, పొద్దెక్కేసరికి ఒక్క పిల్ల మిగలదు."

"అంటే నా బంగారుతీగ చేపల్ని మింగే నోళ్లు ఇంకొన్ని పెరిగాయన్నమాట."

"వేసవి సగం దాకా ఆగండి చాలు. పిల్లలు నీళ్లలో దిగి ఈదడం మొదలెడితే ఇక దిబ్బతో వాటికి పనిలేదు. అప్పుడు మీ ఇష్టం. అందాకా చుట్టుదారి ఉంది కదా."

"చుట్టుదారిన పోవడానికి పెట్రోలు నీ కెమెరాలోంచి కారుతుందా?"

మగవాళ్లంతా గొల్లున నవ్వారు. సగిందిక్ కొడవలి అంచును బొటనవేలితో చూసుకుంటూ, "మధ్యాహ్నం మా ఇంటికి మర్చిపోకుండా రా. మనవణ్ణి ఊయల్లో వేస్తున్నాం. ఫోటోలు బాగా తియ్యాలి," అన్నాడు, అంతటితో మాట అయిపోయినట్టు.

సగిందిక్ మనవడికి నలభై రోజులు నిండాయి. అంతకుముందు కెమెరా కాదు కదా, పక్కింటివాళ్ల చూపు కూడా పడకుండా ముత్తవ్వ బల్జియా కాపలా కాసింది. ఇప్పుడు తలుపులు బార్లా తెరిచింది. గదిలో తివాచీల నిండా జనం. ఒక పక్క వేగిన రొట్టెముక్కలు కుప్పగా పోసి ఉన్నాయి, ఇంకో పక్క పులిసిన ఒంటెపాల కడవ దగ్గర గిన్నెలు చేతులు మారుతున్నాయి. లోపలికి వచ్చినవాళ్లు పిల్లాడి మొహం చూడడం, చూసినందుకు ఏదో ఒకటి ఊయల అంచున పెట్టడం. ఒకరు శాలువా, ఒకరు వెండి బొత్తాం. కొత్తగా పుట్టినదాన్ని మొదటిసారి చూసినవాళ్లు చూపుకానుక ఇవ్వకుండా కదలకూడదు.

కంషత్ గోడవార నిలబడి, పిల్లాడు ఆవులించినప్పుడొకటి, పిడికిలి బిగించినప్పుడొకటి ఫోటో తీసుకుంది. సగిందిక్ చెయ్యి చాపాడు.

"ఇలా తే. నా మనవడెలా పడ్డాడో చూద్దాం."

ఆయన బొటనవేలు కెమెరా మీట కంటే మూడింతలుంది. ఒక్కసారి నొక్కబోతే రెండుసార్లు పడుతోంది. మనవడు, మనవడు, మళ్లీ మనవడు. మీసాల కింద మురిసిపోతున్నవాడల్లా ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు.

"ఓరి దేవుడో! మావాడి పక్కన ఈ ఉడకబెట్టిన దుంప ఎవరు?"

ఒరాజలీ మెడ సాచి చూశాడు. "నీ చిన్నప్పటి ఫోటోరా. ఇన్నాళ్లూ మీ అమ్మ సిగ్గుపడి దాచింది."

"అది గూడబాతు పిల్ల," అంది కంషత్.

బల్జియా కెమెరా లాక్కుని కిటికీ దగ్గరికి నడిచింది. తెల్లటి తలగుడ్డను వెనక్కి నెట్టుకుని, తెరను ముక్కుకు ఆనించుకుని చూసింది.

"ఎప్పుడు పుట్టింది?"

"రాత్రో, తెల్లవారుజామునో, అవ్వా."

"పాపం, తల నిలపలేకపోతోంది." ముసలావిడ కొడుకు వైపు తిరిగింది. "చూశావుగా. ఇవ్వు మరి."

"ఏం ఇవ్వాలి?"

"చూపుకానుక. కొత్తగా పుట్టినదాన్ని నీ కళ్లతో నువ్వే చూశావు, నీ చేత్తో నువ్వే నొక్కుకుని."

గదంతా నవ్వులు. సగిందిక్ కూడా నవ్వాడు గానీ, తల్లి నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"అమ్మా, మనిషికిస్తారు. గుర్రం ఈనితే ఇస్తారు, ఒంటె ఈనితే ఇస్తారు. నా చేపల్ని దోచుకునే పిట్టకి కూడానా?"

"ఓహో!" అంటూ ఒరాజలీ మోకాళ్ల మీద లేచాడు. "పోయినేడు కొత్త మోటారు కొన్నావు. చూడు చూడు అని నన్ను ఇంట్లోంచి లాక్కెళ్లి చూపించావు. చూసినందుకు నా దగ్గర గొర్రెపిల్లను పట్టుకుపోయావు. ఆ మోటారు ఏ తల్లి కడుపున పుట్టిందో చెప్పు!"

"అదీ, అదీ," అన్నారు జనం. ఒకావిడ నవ్వలేక కొంగుతో కళ్లు తుడుచుకుంది. సగిందిక్ మొహం ఎర్రబడింది. అందరి ముందూ కానుక ఎగ్గొట్టినవాడన్న పేరు ఆయన మోయలేడు. పిట్టకు కానుక ఇచ్చినవాడన్న పేరు అంతకంటే మోయలేడు. ఆలోచించి ఒక దారి పట్టుకున్నాడు.

"బొమ్మ చూస్తే చూసినట్టా? మనవణ్ణి ఒళ్లోకి తీసుకుని చూశాను, ఇచ్చాను. ఆ పిల్లను కూడా నా కళ్లెదుట పెట్టమనండి. అది పుట్టిన చోటే, తల్లి పక్కన ఉండగానే. చూపించిందా, ఏం అడిగితే అదిస్తా. అందరూ వినండి, ఏం అడిగితే అది!"

ఆ మాట ఆయన ధైర్యంగానే విసిరాడు. నలభై ఏళ్లుగా ఆ పక్షులు ఆయన్ను రాయి విసిరే దూరంలోకి రానివ్వలేదు.

నలుగురిలో కంషత్ గొంతు ఎప్పుడూ ఎవరూ పెద్దగా విన్నది లేదు. ఇప్పుడు విన్నారు.

"రేపు తెల్లవారుతుండగా రేవుకు రండి ఆగా. ఫోను తేవద్దు. పొగాకు వద్దు. మాట అసలే వద్దు."

"మాట వద్దా!" ఒరాజలీ చేతులెత్తేశాడు. "మనిషిని చంపేస్తావా ఏంటమ్మా?"

సగిందిక్ ఒక షరతు కలిపాడు. "జట్టు కూడా ఒడ్డున తయారుగా ఉంటుంది. నీ పక్షులు లేచిపోయాయో, ఇక ఆలోచించేది లేదు, అప్పుడే కొడవళ్లు దిగుతాయి."

"సరే," అంది కంషత్.

ఇంటికి వచ్చి రెండో రబ్బరు గొట్టానికి గాలి కొడుతుంటే గానీ, తను ఒప్పుకున్నది ఎంత పనో ఆమెకు పూర్తిగా తెలిసిరాలేదు. ఇన్నాళ్లూ దిబ్బ దగ్గరికి తన ఒక్కదాని అలికిడే తీసుకెళ్లింది. రేపు సగిందిక్ ఒళ్లు, సగిందిక్ ఊపిరి, సగిందిక్ కాళ్లు. ఆయన ఒక్కసారి తుమ్మితే కొడవళ్లతో పనిలేకుండానే గూళ్లు ఖాళీ అవుతాయి. అయినా చూపించకపోతే రేపే అంతా పోతుంది. ఆమె రెండు గొట్టాలనూ పక్కపక్కన కట్టి, కిక్కిసను ఒత్తుగా, మామూలు కంటే రెట్టింపు గుచ్చింది. గాలి ఉత్తరం నుంచి తిరుగుతోంది, అది మంచిదే. ఆ ధైర్యంతో పడుకుని నిద్రపోయింది.

తెల్లవారుజామున సగిందిక్ అల్లుడి రబ్బరు లాగు తొడుక్కుని వచ్చాడు. అది ఆయన పొట్ట మీద డప్పులా బిగుసుకుంది. జట్టువాళ్లు మంట చుట్టూ కూర్చుని చేతులు కాచుకుంటూ, ఆయన్ను పొద కింద దూరమంటే దూరడం చూసి, నవ్వును అరచేతుల్లో కుక్కుకున్నారు.

"నేను అడుగేస్తే మీరూ వెయ్యండి," అని కంషత్ చెవిలో చెప్పింది. "నేను ఆగితే ఆగండి. గాలితోనే."

మొదట్లో అంతా బాగానే సాగింది. గాలి వీచింది, కిక్కిస ఊగింది, పొద జరిగింది. సగిందిక్ కాలు ఒకసారి బురదలో కూరుకుపోతే, తిట్టు నోటిదాకా వచ్చి దవడలు కదిలాయి, కానీ మింగేశాడు. అప్పుడు కంషత్‌కు కనబడింది, ఆయన కింది పెదవి ఉబ్బి ఉండడం. పెదవి వెనక పొడిపొగాకు పెట్టుకునే వచ్చాడు. ఉమ్మడానికి లేదు. ఆమె కళ్లెర్రజేసింది. ఆయన చిన్నపిల్లాడిలా తల దించుకుని, మొహం వంకరలు తిప్పుతూ దాన్ని కూడా మింగేశాడు.

దిబ్బ ఇంకా కొంత దూరం ఉందనగా గాలి చచ్చిపోయింది.

నీళ్లు పరిచిన రేకులా నిలిచిపోయాయి. ఒక్క ఆకు కదలడం లేదు. గూడబాతులు ఉంగరాల జుట్టు తలల్ని ఇటు తిప్పి, నిన్న లేని ఆ పెద్ద పొదను చూస్తున్నాయి. చలి రబ్బరులోంచి ఎముకల్లోకి దిగుతోంది. సగిందిక్ పళ్లు టకటకమనబోయి ఆగాయి. మీసాన్ని పళ్ల మధ్య కరిచి పట్టుకున్నాడు. కాసేపటికి ఓపిక నశించి పొదను ముందుకు తోయబోయాడు. కంషత్ ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన ఆగాడు. మళ్లీ తోయబోయాడు. ఆమె వదల్లేదు.

ఎంతసేపు అలా నిలబడ్డారో ఇద్దరికీ తెలియదు. సూర్యుడు కిక్కిస కొసల్ని దాటాడు. అప్పుడు సగిందిక్ నీళ్లలోంచి ఒక వేలు మెల్లగా పైకెత్తి కుడివైపు చూపించాడు. కంషత్‌కు అక్కడ ఏమీ కనబడలేదు. దూరాన నీటి మీద సన్నటి నలుపు, కన్ను ఆడిస్తే మాయమయ్యేంత. ఆ నలుపు పెద్దదైంది, గీతలు గీతలుగా పాకింది, చివరికి వాళ్ల చెంపలకు తగిలింది. గాలి. జీవితమంతా వలలు వేసినవాడు దాన్ని ఆమె కంటే ముందే పసిగట్టాడు. ఇద్దరూ ఒకే అడుగుగా కదిలారు.

ఆ తర్వాత ఆయన్ను ఆపాల్సిన పని పడలేదు. ఆయనే ఆగాడు, ఆయనే నడిచాడు.

పొద దిబ్బ అంచును తాకేంత దగ్గరకు వచ్చింది. వల కన్నంలోంచి సగిందిక్ చూశాడు. గూడు అంటే పెద్దగా ఏమీ లేదు, రెట్టలతో గట్టిపడిన కిక్కిస కుప్ప. దాని మీద తల్లి కూర్చుని ఉంది. ముక్కు కింది సంచి నారింజ రంగులో మెరుస్తోంది. ఇంకో పెద్ద పక్షి రెక్కల హోరుతో వచ్చి దిబ్బ మీద వాలింది. ఆ గాలికి పొద ముందరి కిక్కిస వెనక్కి వాలింది. తల్లి లేచి పక్కకు జరిగింది. గూట్లో రెండు పిల్లలు. వచ్చిన పక్షి నోరు తెరిచి తల వంచింది. ఒక పిల్ల వణుక్కుంటూ మెడ చాచి, తలకు తల ఆ సంచిలోకి దూర్చేసింది. బయట ఒళ్లు మాత్రం మిగిలింది, చిన్న చిన్న కుదుపులతో.

సగిందిక్ ఊపిరి బిగబట్టాడు. సరిగ్గా అప్పుడే గొంతులో మిగిలిన పొగాకు ఆయన్ను పొడిచింది.

దగ్గు వస్తోందని కంషత్ ఆయన కళ్లు చూసి తెలుసుకుంది. అవి నిండాయి, ఉబ్బాయి. చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగే దగ్గు కాదది. ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆయన చటుక్కున తల నీళ్లలో ముంచేశాడు. బుడబుడమని బుడగలు పైకి వచ్చాయి. మళ్లీ వచ్చాయి.

దిబ్బ మీద మెడలన్నీ లేచాయి. తల్లి రెక్కలు సగం విప్పింది. రెండు పిల్లలూ ఎండలో నగ్నంగా పడి ఉన్నాయి. కిక్కిస మీదుగా తిరుగుతున్న గద్ద ఒంపు తిరిగి, తక్కువ ఎత్తులో ఇటే వచ్చింది. కంషత్ వేలు మీట మీదే ఉంది. నొక్కితే ఇంతకంటే మంచి ఫోటో జన్మలో దొరకదు. ఆమె నొక్కలేదు. ఆ చిన్న చప్పుడు కూడా ఇప్పుడు ఎక్కువే.

సగిందిక్ తల బయటికి తీశాడు. మీసాల నుంచి నీళ్లు కారుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. కళ్లు తుడుచుకోకుండానే ముందు గద్దను చూశాడు, తర్వాత తల్లిని. తల్లి ఒక అడుగు నీళ్ల వైపు వేసింది. ఆగింది. నీళ్లు మళ్లీ నిమ్మళించాయి. అది వెనక్కి తిరిగి, రెక్కలు ముడుచుకుని, పిల్లల మీద మెల్లగా కూర్చుంది. గద్ద దిబ్బను దాటిపోయింది.

కంషత్ గాలి కోసం ఎదురుచూసి, వెనక్కి మొదటి అడుగు వేసింది.

ఒడ్డుకు వచ్చేసరికి సగిందిక్ పెదాలు నీలంగా ఉన్నాయి. మంట దగ్గర ఎవరో ఆయన భుజాల మీద గొర్రెతోలు కోటు కప్పారు, ఇంకెవరో ఒంటెపాల టీ గిన్నె చేతికిచ్చారు. కొడవళ్లు అలాగే వరసగా ఉన్నాయి.

"పక్షులు లేవలేదే!" అన్నాడు ఒరాజలీ. "మాట్లాడరా. మాట్లాడొచ్చిప్పుడు. చూశావా?"

సగిందిక్ రెండు గుక్కలు తాగాడు. "తల మొత్తం దూర్చేసింది," అన్నాడు. "పెద్దదాని గొంతులోకి. మింగేసిందేమో అనుకున్నా. నా గుండె ఆగింది." ఇంకో గుక్క తాగి, కంషత్ వైపు తిరిగాడు. "అడుగు."

"ఆ కాలవ, ఆగా. పిల్లలు వాటంతటవి ఈదుకుంటూ వచ్చేదాకా."

"గొర్రె తీసుకో."

"వద్దు."

"ఈనబోయే గొర్రె. మంచి జాతి."

"ఏం అడిగితే అదన్నారు."

జట్టులో సణుగుడు మొదలైంది. చుట్టుదారిన పోతే ఎంత పెట్రోలు, ఎంత పొద్దు పోతుందని ఒకరు లెక్క అందుకున్నారు. సగిందిక్ గిన్నె ఇసుకలో పెట్టాడు.

"ఊరంతా కూర్చున్నప్పుడు నేనన్నమాట. మా అమ్మ విన్నది. ఇప్పుడు నేను ఇంటికి వెళ్లి ఆవిడకు ఏం చెప్పాలో మీలో ఎవరైనా చెప్తారా?" బల్జియా పేరెత్తగానే సణుగుడు ఆగింది. "ఇచ్చాను పిల్లా. నీదే ఆ కాలవ. కొడవళ్లు ఎత్తండిరా. చుట్టుదారిన పోదాం. పెట్రోలు తక్కువైతే తెడ్లున్నాయి, మీ చేతులేం అరిగిపోవు."

ఆ మాట ముగిసిందో లేదో, కిక్కిస అవతల నుంచి మోటారు చప్పుడు వినబడింది. దిబ్బను లాగడానికి ఇంకొన్ని మోకులు తెమ్మని పంపిన అల్లుడు, జరిగిందేమీ తెలియక, తిన్నగా కాలవ నోటి వైపు వస్తున్నాడు. సగిందిక్ కోటు విసిరేసి, మోకాలి లోతు నీళ్లలోకి ఉరికాడు.

"మోటారు ఆపరా!"

ఆ కేకకు రేవులో కట్టిన గుర్రం అదిరిపడింది. దూరాన దిబ్బ మీద మెడలన్నీ ఒక్కసారే లేచాయి. ఏ మోటారుకూ ఆయన గొంతుకున్నంత సత్తువ లేదు. కంషత్ పరుగున వచ్చి పెదవుల మీద వేలు పెట్టింది. సగిందిక్ తన నోటిని తన అరచేత్తోనే గట్టిగా మూసుకున్నాడు.

అల్లుడు మోటారు ఆపి, బిక్కమొహంతో తెడ్డు తీశాడు. ఒడ్డున ఎవరూ కదల్లేదు. దిబ్బ మీద ఒక మెడ దిగింది, తర్వాత ఇంకొకటి. ఒకటొకటిగా అన్నీ దిగాయి.

"అలవాటు పడతాయి," అన్నాడు సగిందిక్ అరచెయ్యి తీసి, గుసగుసగా. "మెల్లమెల్లగా నా గొంతు అలవాటు చేద్దాం."

"యాభై ఏళ్లయింది, మాకే అలవాటు కాలేదు," అన్నాడు ఒరాజలీ. ఆయన కూడా గుసగుసగానే అన్నాడు.